‘కోటా ప్లేయర్’ అనే ముందు: తెలుగు క్రికెట్ వ్యాఖ్యాతలకు బహిరంగ లేఖ

తెలుగు క్రికెట్ కామెంటేటర్లకు, పత్రికల్లో, టీవీల్లో పనిచేసే క్రీడా విలేకరులకు, యూట్యూబ్‌లో మ్యాచ్ రివ్యూలు చేసేవారికి,

నమస్కారం.

నేను ఒక గురుకుల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఇదే విషయం మీద ఇంతకుముందు ఒక చానల్‌కు మెయిల్ పెట్టాను, ఒక పత్రిక స్పోర్ట్స్ డెస్క్‌కు ఉత్తరం రాశాను. అందిందన్న మాట కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను. మీ పనంటే నాకు గౌరవం ఉంది. ఎల్బీడబ్ల్యూ రూలు, రివర్స్ స్వింగ్ మా పిల్లలకు నాకంటే మీరే బాగా అర్థమయ్యేలా చెప్పారు. ఇక ఫిర్యాదులోకి వస్తాను.

దక్షిణాఫ్రికా మ్యాచ్ వచ్చిందంటే మీలో కొందరి నోట ‘కోటా ప్లేయర్’ అన్న మాట రాకుండా ఉండదు. ఆ జట్టు నల్లజాతి బ్యాట్స్‌మన్ టెంబా బవుమా క్రీజులోకి వస్తుంటే ఒక నవ్వు. ఆపైన ‘అక్కడ రిజర్వేషన్లు కదండీ, మన దగ్గర అంతా మెరిట్’ అని ముక్తాయింపు. మొదటి మాట ఒక మనిషిని అవమానిస్తుంది. రెండోది అబద్ధం. రెండింటి గురించీ నేను చెప్పాల్సింది వరసగా చెబుతాను.

1. దక్షిణాఫ్రికా జట్టులో కోటా, తెల్లవాళ్లు కానివాళ్లు ఇందరుండాలని బోర్డు లెక్క పెట్టుకున్న 2016లో పుట్టలేదు. 1894లో ఆ దేశపు జట్టు ఇంగ్లండ్ టూర్‌కు వెళ్లేటప్పుడు క్రోమ్ హెండ్రిక్స్ అనే ఫాస్ట్ బౌలర్ పేరు పరిశీలనకు వచ్చింది. అతను తెల్లవాడు కాదు కాబట్టి తీసుకోలేదు. దాని వెనక అప్పటి కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ మాట ఉంది. అంటే సెలెక్షన్‌లో రాజకీయం తలదూర్చడం అక్కడ అప్పుడే మొదలైంది. ఆ తర్వాత, వర్ణవివక్ష కారణంగా ఆ జట్టును అంతర్జాతీయ క్రికెట్ నుంచి బహిష్కరించిన 1970 దాకా, అందులో ఆడినవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే. ఆడింది కూడా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతోనే. మనతో గానీ, పాకిస్తాన్‌తో గానీ, వెస్టిండీస్‌తో గానీ ఒక్క టెస్టు ఆడలేదు. పదకొండుకు పదకొండూ ఒకే రంగుకు రిజర్వ్ చేసి పెట్టుకుంటే దాన్ని ఎవరూ కోటా అనలేదు. జాతీయ జట్టు అన్నారు.

బేసిల్ డి’ఒలివీరా కథ మీకు తెలిసే ఉంటుంది. కేప్‌టౌన్‌లో పుట్టి, సొంత దేశంలో ఆడే దారి లేక 1960లో ఇంగ్లండ్ వెళ్లాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. అంత కొట్టినా వెంటనే ప్రకటించిన దక్షిణాఫ్రికా టూర్ జట్టులో అతని పేరు లేదు. తర్వాత కార్ట్‌రైట్ గాయంతో తప్పుకుంటే అప్పుడు తీసుకున్నారు. ఆ జట్టు మాకొద్దని దక్షిణాఫ్రికా ప్రధాని ఫార్‌స్టర్ తేల్చేశాడు, టూర్ రద్దయింది. మెరిట్ గురించి ఇంతకంటే సూటి పరీక్ష ఇంకోటి ఉండదు. 158 పరుగులు కళ్ల ముందే ఉన్నాయి, అడ్డొచ్చింది చర్మం.

ఒక్క సంగతి నన్ను ఎప్పుడూ తొలుస్తుంది. ‘పాపం బారీ రిచర్డ్స్, బహిష్కరణ వల్ల నాలుగు టెస్టులతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది’ అని మీరు ఎన్నోసార్లు అన్నారు. నిజమే, గొప్ప బ్యాట్స్‌మన్. అదే దేశంలో, అదే వయసులో, ఒక్క టెస్టు కూడా ఆడనివ్వని నల్లజాతి, భారత సంతతి ఆటగాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం ‘పాపం’ అన్నవాళ్లు నాకు తగల్లేదు. పేర్లే తెలియనప్పుడు ఎలా అంటారులెండి.

2. ఆ టార్గెట్ల సంగతి కూడా సరిగ్గా చెప్పడం లేదు. 2016లో దక్షిణాఫ్రికా బోర్డు పెట్టుకున్న లెక్క ఇది: జట్టులో 54 శాతం తెల్లవాళ్లు కానివాళ్లు, అందులో నల్లజాతి ఆఫ్రికన్లు 18 శాతం ఉండాలన్నారు. పదకొండు మందిలో చూస్తే ఆరుగురు, ఆ ఆరుగురిలో ఇద్దరు. అదీ ప్రతి మ్యాచ్‌కూ కాదు, సీజన్ మొత్తం మీద సగటు. ఆ దేశ జనాభాలో నల్లజాతి ఆఫ్రికన్లు దాదాపు 80 శాతం. 80 శాతం ఉన్నవాళ్లకు పదకొండులో ఇద్దరు! దీన్ని పట్టుకుని ‘తెల్లవాళ్లకు అన్యాయం జరిగిపోతోంది’ అని అరగంట వీడియో చేసేముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగుండేది.

ఆ విధానంలో లోపాలు లేవని నేను అనను. 2015 మార్చి 24న ఆక్లాండ్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. మంచి ఫామ్‌లో ఉన్న తెల్ల బౌలర్ కైల్ అబ్బాట్‌ను పక్కనపెట్టి, గాయం నుంచి కోలుకుంటున్న, తెల్లవాడు కాని బౌలర్ ఫిలాండర్‌ను ఆడించారు. పైనుంచి ఒత్తిడి వచ్చిందన్న ఆరోపణ ఉంది, బోర్డు కాదంది. కెప్టెన్ డివిలియర్స్ తన అసంతృప్తిని తర్వాత బయటపెట్టాడు. అబ్బాట్‌కు జరిగింది బాధాకరమే, అతను 2017లో ఇంగ్లండ్ కౌంటీకి వెళ్లిపోయాడు కూడా. కానీ ఆ రోజు నష్టపోయిన రెండో మనిషిని మీరు చూడరు. 64 టెస్టుల్లో 224 వికెట్లు తీసిన ఫిలాండర్‌ను, అదీ 22 సగటుతో, ఆ ఒక్క మ్యాచ్‌తో అనుమానపు మనిషిని చేశారు. నాలుగు గోడల మధ్య నిర్ణయం తీసుకుని కారణం చెప్పకపోతే ఇలాగే అవుతుంది. తప్పు అక్కడుంది. టార్గెట్ పెట్టుకున్న వాళ్లు దాన్ని కాగితం మీద పెట్టి బాధ్యత తీసుకోవాలి, ఆటగాడి నెత్తిన వేసి తప్పుకోకూడదు.

3. ‘కోటా’ అని ముద్ర పడ్డవాళ్ల జాబితా ఒకసారి చూడండి. మఖాయా ఎన్తిని, 1998లో టెస్టు ఆడిన తొలి నల్లజాతి ఆఫ్రికన్. ఈస్టర్న్ కేప్‌లో మ్డింగి అనే పల్లెలో పశువులు కాసిన కుర్రాడు. చివరికి 101 టెస్టులు, 390 వికెట్లు. హోటల్ నుంచి గ్రౌండ్‌కు అతను పరిగెత్తుకుంటూ వెళ్లేవాడు. అబ్బా, ఏం ఫిట్‌నెస్ అని అందరం మెచ్చుకున్నాం. అసలు సంగతి 2020లో అతనే చెప్పాడు. టీమ్ బస్సులో తను వెనక కూర్చుంటే మిగతావాళ్లు వెళ్లి ముందు కూర్చునేవారట. భోజనానికి వెళదాం రా అని తన గది తలుపు తట్టినవాడు లేడట. ఆ ఒంటరితనం పడలేక బ్యాగు డ్రైవర్ చేతికిచ్చి పరిగెత్తేవాడు. బస్సులో చోటుండి కూడా రోడ్డు మీద పరిగెత్తిన మనిషి అతను. మీరు ‘టీమ్ స్పిరిట్’ అన్నప్పుడల్లా నాకు ఆ బస్సే గుర్తొస్తుంది.

2021లో ఆ దేశ బోర్డు వేసిన ‘సోషల్ జస్టిస్ అండ్ నేషన్ బిల్డింగ్’ విచారణలో స్పిన్నర్ పాల్ ఆడమ్స్ కూడా మాట్లాడాడు. గెలిచాక పాడుకునే పాటలో తన రంగు మీద బూతు మాటతో తనను పిలిచేవారని చెప్పాడు. తర్వాత తన భార్య అయిన అమ్మాయి అడిగాకే అదెంత తప్పో తట్టిందన్నాడు. మా క్లాసులో వెక్కిరింత పడే పిల్లలు కూడా ఇలాగే మొదట నవ్వేస్తారు. మిగతావాళ్లు తమను గుంపులోంచి గెంటెయ్యకుండా ఉండాలిగా మరి.

భారత సంతతి ముస్లిం బ్యాట్స్‌మన్ హషీమ్ ఆమ్లాను కూడా మొదట్లో కోటా అన్నారు. 2012లో ఓవల్‌లో 311 నాటౌట్ కొట్టేదాకా ఆ సణుగుడు పూర్తిగా ఆగలేదు. ఇక్కడ మీ వృత్తికి సంబంధించిన ఒక సంగతి. 2006లో కొలంబో టెస్టులో కామెంటరీ చేస్తున్న డీన్ జోన్స్, యాడ్స్ నడుస్తున్నాయి కదా అనుకుని ఆమ్లాను ‘టెర్రరిస్టు’ అన్నాడు. టెన్ స్పోర్ట్స్ అతన్ని వెంటనే తీసేసింది, అతను క్షమాపణ చెప్పాడు. మన తెలుగు స్టూడియోల్లో మైక్ ఆన్‌లో ఉందని తెలిసే అంటున్నారు. తీసేసినవాళ్లు, క్షమాపణ అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

ఇక బవుమా. కేప్‌టౌన్ పక్కన లంగా టౌన్‌షిప్‌లో పుట్టాడు. 2016 జనవరిలో ఇంగ్లండ్ మీద సెంచరీ కొట్టాడు, నల్లజాతి ఆఫ్రికన్లలో దక్షిణాఫ్రికా తరఫున టెస్టు సెంచరీ కొట్టిన మొదటివాడు అతనే. రెండో సెంచరీకి 2023 మార్చి దాకా ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్ల మీద విమర్శ చేస్తే నాకే అభ్యంతరమూ లేదు. సెంచరీలు లేవు, తీసెయ్యండి అనండి, మీ హక్కు. కానీ సగటు చెప్పి ఆగకుండా పుట్టుకను కారణంగా చూపించారు.

2025 జూన్‌లో లార్డ్స్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్‌లో 282 ఛేజ్ చేస్తూ, తొడ కండరం పట్టేసి కుంటుతూనే అతను 66 కొట్టాడు. మార్‌క్రమ్ 136. ఆస్ట్రేలియా మీద ఐదు వికెట్లతో గెలిచి, 1998 తర్వాత తొలి ఐసీసీ ట్రోఫీ తీసుకెళ్లారు. ఆ మ్యాచ్‌లో తొమ్మిది వికెట్లు తీసిన రబాడా కూడా మీ లెక్కలో కోటానే అయ్యుండాలి మరి. నవంబర్‌లో మన గడ్డ మీదకొచ్చి 2-0తో సిరీస్ పట్టుకెళ్లారు. కోల్‌కతాలో ఎవరూ నిలబడలేని పిచ్ మీద ఆ మ్యాచ్ మొత్తానికీ ఏకైక అర్ధసెంచరీ బవుమాదే. గువాహటిలో మనం 408 పరుగుల తేడాతో ఓడాం.

అప్పుడు మీరంతా ‘ఆటతో సమాధానం చెప్పాడు’ అన్నారు. ఆ మెచ్చుకోలు కూడా నాకు రుచించలేదు. గద (ఆ చాంపియన్‌షిప్ ట్రోఫీ) చేతికొచ్చేదాకా జట్టులో ఎందుకున్నాడో సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఖర్మ ఆ పదకొండు మందిలో కొందరికే ఎందుకు? 35 సగటున్న తెల్ల ఆటగాడిది బ్యాడ్ ఫామ్, అదే సగటున్న నల్ల ఆటగాడిది కోటా. ఈ రెండు తూకాలూ మీ స్టూడియోలోనే ఉన్నాయి.

4. ‘మన దగ్గర అంతా మెరిట్’ అన్న మాటకు వస్తాను. పల్వంకర్ బాలూ పేరు ఎంతమంది ప్రేక్షకులకు చెప్పారు మీరు? దళిత కుటుంబంలో పుట్టి, పూనాలో తెల్లవాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేస్తూ, వాళ్లకు నెట్స్‌లో బంతులేస్తూ ఎదిగిన ఎడమచేతి స్పిన్నర్. 1911 ఇంగ్లండ్ టూర్‌లో వందకు పైగా వికెట్లు తీశాడు. ఆయన బంతి కావాలి గానీ, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. అప్పట్లో బొంబాయి టోర్నీలో జట్లు మతాలవారీగా ఉండేవి; అందులో హిందూ జట్టుకు కెప్టెన్ అయ్యే అర్హత ఏళ్ల తరబడి ఉన్నా ఇవ్వలేదు. చివరికి ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది.

మరో పక్క మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. 1936లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు, అప్పటికే దేశానికి కెప్టెన్సీ చేసినవాడు, ఆయన కింద ఆడాడు. టూర్‌లో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి టెస్టులు మొదలవకముందే ఓడెక్కించి పంపేశారు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా! విజ్జీని ఎవరూ కోటా కెప్టెన్ అనలేదు. స్టేడియంకు ఆయన పేరు మాత్రం ఉంది.

అదంతా పాత కథ అంటారేమో. జాతీయ సెలెక్టర్లను జోన్‌కొకరి చొప్పున వేసుకునే అలవాటు ఏళ్ల తరబడి నడిచింది, అది కోటా కాకపోతే ఏమిటి? 2024 ఫిబ్రవరిలో హనుమ విహారి, రాజకీయ నాయకుడి కొడుకైన ఆటగాడిని మందలించినందుకు తనను ఆంధ్రా కెప్టెన్సీ వదులుకోమన్నారని బహిరంగంగా చెప్పాడు. అసోసియేషన్ వాదన వేరే ఉంది. నిజం ఎటున్నా, సిడ్నీలో కండరం పట్టేసినా గంటల తరబడి నిలబడి టెస్టు కాపాడిన మనిషి, ఇక ఆ రాష్ట్రానికి ఆడనని అనేదాకా వచ్చింది. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌లో పరిస్థితి చక్కదిద్దమని 2023లో సుప్రీంకోర్టు, రిటైరైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారిని నియమించాల్సి వచ్చింది. ఒకే మనిషి చేతిలో, ఒకే కుటుంబం చేతిలో ఎన్నో క్లబ్బులున్నాయని తేలి వాటిని ఎన్నికలకు దూరం పెట్టారు. క్లబ్ ఉన్నవాడికి లీగ్ ఉంటుంది, లీగ్ ఆడినవాడే సెలెక్టర్ కంట పడతాడు. క్లబ్బులు గుప్పెడు మంది చేతిలో ఉంటే లీగ్‌లో చోటూ వాళ్ల చేతిలోనే. మెరిట్ అన్నది ఆ తలుపు దాటాక మొదలయ్యే సంగతి.

5. మీ మాటలు ఎక్కడ తగులుతాయో చెబుతాను. మా స్కూల్ నుంచి ఒక కుర్రాడిని అండర్-16 ట్రయల్స్‌కు తీసుకెళ్లాను. టెన్నిస్ బంతితో వాడిని అవుట్ చెయ్యడం మాకు చేతకాదు. అక్కడ మొదటిసారి ప్యాడ్లు కట్టుకున్నాడు, బకిల్స్ లోపలి వైపుకు వచ్చేలా. పక్కన అకాడమీ పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ల కిట్ బ్యాగులకు చక్రాలున్నాయి. బుర్రొంచుకుని విప్పి మళ్లీ కట్టుకునేసరికి వాడి వంతు వచ్చేసింది. ఆరు బంతులిచ్చారు. తోలు బంతి టెన్నిస్ బంతిలా లేవదు, తన షాట్‌కు తను తొందరపడ్డాడు, మూడు మిస్సయ్యాయి. పేపర్ మీద రాసుకుంటున్నాయన తలెత్తకుండానే ‘ఏ స్కూల్ రా?’ అన్నాడు. చెప్పాడు. ‘ఓ, హాస్టల్ కోటానా’ అని పక్కాయనతో నవ్వాడు. ట్రయల్స్‌లో అలాంటి కోటా ఏదీ లేదు. ఆ మాట ఆయన నోటికి ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చాక హాస్టల్‌లో వాడికి ‘బవుమా’ అని పేరు పెట్టారు. పొగడ్త కాదు. మీ వీడియోలు చూసి నేర్చుకున్న వెక్కిరింత. పేరు పెట్టినవాళ్లు కూడా అదే కులాల పిల్లలు, అదే పేదరికం. వాడు కొన్నాళ్లకు గ్రౌండ్‌కు రావడం మానేశాడు. అడిగితే ‘ఎగ్జామ్స్ సార్’ అన్నాడు. మంచి బ్యాటు కొనాలంటే పదివేలు దాటుతుంది, అకాడమీ ఫీజు నెలనెలా వేలల్లో, ఇవి లేక ఆగిపోయే పిల్లలే బోలెడు. ఇవి దాటి వచ్చినవాడిని కూడా ఒక్క మాటతో వెనక్కి పంపగలుగుతున్నాం. (స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తే మాత్రం ఊళ్లో ఫ్లెక్సీ కట్టి సన్మానం చేస్తాం. ఆ కోటా ముద్దు.)

6. ఈ దారి ఎక్కడిదాకా పోతుందో 2021 ఆగస్టులో చూశాం. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళా హాకీ ప్లేయర్ వందనా కటారియా. ఆ హ్యాట్రిక్ దక్షిణాఫ్రికా మీదే. నాలుగు రోజులకు సెమీఫైనల్ ఓడగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడారని కులం పేరుతో తిట్టారు.

ఇప్పుడు మిమ్మల్ని కోరేవి:

1. ‘కోటా ప్లేయర్’ అనడం ఆపండి. ఎవరి ఆటైనా పరుగులు, వికెట్లు, క్యాచ్‌లతో తూచండి, ఎంత కటువుగానైనా సరే. ఇప్పటికే అన్న వీడియోల్లో ఆ ముక్క తీసెయ్యండి.

2. దక్షిణాఫ్రికా టార్గెట్ల గురించి మాట్లాడితే సీజన్ సగటు అన్న సంగతి, జనాభా లెక్క, 1970కి ముందు కథ కలిపి చెప్పండి. అంత టైం లేదంటే ఆ టాపిక్కే వదిలెయ్యండి.

3. మీ లైవ్ చాట్‌లో కులం, రంగు, మతం, ఎత్తు మీద వచ్చే మాటలు తీసెయ్యడానికి ఒక మనిషిని పెట్టుకోండి. వ్యూస్ వస్తున్నాయని వాటిని చదివి నవ్వకండి.

4. రెండు రాష్ట్రాల అసోసియేషన్లనూ మా తరఫున అడగండి: ట్రయల్స్ తేదీలు కనీసం నెల ముందు అన్ని ప్రభుత్వ స్కూళ్లకూ చేరుతున్నాయా? సెలెక్టర్ల పేర్లు, వాళ్ల బంధువులు ఎవరైనా బరిలో ఉన్నారా అన్న సమాచారం, ఒక్కో పిల్లాడికి వేసిన మార్కులు వెబ్‌సైట్‌లో ఎందుకు పెట్టరు? ఎంపిక కానివాడికి కారణం ఎందుకు చెప్పరు?

5. 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలనే సమాచార హక్కు కిందకు తెచ్చారు. ఆ నిధుల మీద ఆధారపడని క్రికెట్ బోర్డు సంగతి ఏమిటో మీ ప్రోగ్రాంలో ఒక్కసారి చర్చించండి. ఐపీఎల్ వేలానికి ఇచ్చే టైంలో పదో వంతు చాలు.

6. ఈసారి జిల్లా ట్రయల్స్‌కు ఒక్కో పత్రిక నుంచి ఒక్క విలేకరి రండి. ఉదయం రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి సాయంత్రం లిస్టు పెట్టేదాకా కూర్చోండి. ఏ పిల్లాడికి ఎన్ని బంతులిచ్చారో నోట్‌బుక్‌లో రాసుకుని, మర్నాడు పిల్లల పేర్లు లేకుండా ఆ లెక్క అచ్చెయ్యండి. ట్రయల్స్ తేదీ మా స్కూల్‌కు తెలిసిన రోజే మీ డెస్క్‌కు నేనే ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
ఒక గురుకుల పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు